జనగణమన సరిగ్గా పాడదాం: మాటలు, శ్రుతి, నిలబడే పద్ధతి

అందరికీ నమస్కారం. పంద్రాగస్టు దగ్గర పడుతోంది కదా, బడుల్లో, అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో ఎవరో ఒకరి చేతిలో మైకు పెట్టి "జనగణమన మీరే మొదలుపెట్టండి" అంటారు. ఈ వీడియో ముఖ్యంగా ఆ ఒక్కరి కోసం, ఎందుకంటే మొదటి గొంతు ఎటు పోతే వెనకున్న వందమందీ అటే పోతారు.

ముందు కొంచెం చరిత్ర చెప్తాను. రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీలో రాసిన ఈ పాటను 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో మొదటిసారి పాడారు. అసలు పాటకు ఐదు చరణాలున్నాయి, మనం పాడేది మొదటి చరణమే. రాజ్యాంగ సభ 1950 జనవరి 24న దీన్ని జాతీయగీతంగా స్వీకరించింది, అంటే రిపబ్లిక్ డేకి సరిగ్గా రెండు రోజుల ముందు. అప్పటి బ్రిటిష్ చక్రవర్తి ఐదో జార్జిని పొగడటానికి రాశారని ప్రతి ఆగస్టులో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది చూడండి, దానికి ఠాగూరే 1937లో ఒక లేఖలో గట్టిగా జవాబిచ్చారు, తను చెప్పిన భాగ్యవిధాత ఏ జార్జీ కాలేడని. కాబట్టి ఆ మెసేజ్ మీకొస్తే ఫార్వర్డ్ చేయకండి.

మన తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకోవాల్సిన ఊరు ఒకటుంది, మదనపల్లె. 1919లో ఠాగూర్ అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అప్పుడు ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం బాగా తెలిసినావిడ, ఠాగూర్ పాడగా విని స్వరాలు రాసిపెట్టారు. పాటను ఠాగూర్ ఇంగ్లీషులోకి మార్చింది కూడా అక్కడే, ఆ ఫిబ్రవరి 28న. "ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా" అని దానికి పేరు పెట్టారు. మీ పిల్లలకు ఇంకేం చెప్పినా చెప్పకపోయినా మదనపల్లె సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి, ఎక్కడో కలకత్తాలో పుట్టిన పాట ఒక్కసారిగా మన పాట అయిపోతుంది వాళ్లకి.

ఇక మాటల్లోకి వద్దాం. ఎక్కువమంది తడబడేది మూడు నాలుగు చోట్లే. "ఉచ్ఛల జలధి తరంగ" దగ్గర పిల్లలు "ఉజ్వల" అనేస్తారు. అక్కడ ఉన్నది ఎగసిపడే సముద్రపు అలలు, అది చెప్పి నేర్పిస్తే మళ్లీ మర్చిపోరు. "ఆశిష మాగే" దగ్గర సున్నా పెట్టి "మాంగే" అంటారు, సున్నా లేదు. మన దగ్గర చాలామంది "వంగ" అని పాడతారు, అధికారిక పాఠంలో ఉన్నది "బంగ". ఇంకోటి, రెండోసారి "జన గణ" వచ్చినప్పుడు "మంగళదాయక" అనాలి, సగంమంది అలవాటుకొద్దీ మళ్లీ "అధినాయక" అనేసి పక్కవాళ్ల మొహం చూస్తారు. పిల్లలతో ఈ రెండు లైన్లూ పక్కపక్కన పెట్టి పాడించండి, రెండు రోజుల్లో దారికొస్తారు.

ఇప్పుడు అసలు విషయం, శ్రుతి, అంటే గొంతు ఎంత ఎత్తులో మొదలుపెట్టాలన్నది. ఇది ఎవరూ నేర్పరు, అందుకే ప్రతి సభలోనూ చివరికొచ్చేసరికి గొంతులు చీలిపోతాయి. పాట మొదలయ్యేది కింది షడ్జం నుంచి, అంటే కింది "స" నుంచి, స రి గ గ అంటూ హాయిగా ఉంటుంది కాబట్టి ఉత్సాహం కొద్దీ పైనుంచి ఎత్తుకుంటారు. కానీ చివర్లో వచ్చే మూడు "జయ హే"ల్లో మొదటిది పై షడ్జాన్ని తాకుతుంది. రెండోది, మూడోది ఒక్కో మెట్టూ దిగుతాయి, ఆ తర్వాత "జయ జయ జయ జయ హే" మళ్లీ కింది షడ్జం నుంచి ఎక్కుతుంది. కాబట్టి ఏం చేయాలంటే, సభకి ముందే ఒక పక్కకి వెళ్లి ఆ మొదటి "జయ హే" ఒక్కటే పాడి చూసుకోండి. గొంతు బిగబట్టకుండా వస్తోందా, అయితే అదే శ్రుతి. రావడం లేదంటే దించండి, మొహమాటపడకండి. చిన్న పిల్లలు, మగవాళ్లు, ఆడవాళ్లు అందరూ కలిసి పాడేచోట ఇంకొంచెం దించినా తప్పులేదు.

వేగం సంగతి. పూర్తి గీతానికి ప్రభుత్వం చెప్పిన సమయం దాదాపు 52 సెకన్లు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పాడండి, సాగదీసే అలవాటు ఉన్నవాళ్లకి నిమిషం దాటిపోతుంది. మొదటి, చివరి పాదాలు మాత్రమే పాడే చిన్న రూపం కూడా ఉంది, దాదాపు 20 సెకన్లది, కానీ అది కొన్ని ప్రత్యేక సందర్భాలకే. జెండా ఎగరేసే చోట పూర్తిగానే పాడండి.

నిలబడటం గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. సావధాన్‌లో నిలబడాలి, అంతే. యూనిఫాంలో ఉన్నవాళ్లు సెల్యూట్ చేస్తారు, మిగతావాళ్లకి సెల్యూట్ అక్కర్లేదు. గుండెల మీద చెయ్యి పెట్టుకోవడం అమెరికావాళ్ల పద్ధతి, మన నిబంధనల్లో లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు బడిలో వాళ్ల గీతానికి అలా చేసి చేసి మన గీతానికీ అదే చేస్తుంటారు, తిట్టకండి, చేతులు కిందికి ఉంచాలని నెమ్మదిగా చెప్పండి. ఫోన్ మాత్రం జేబులోనే ఉండాలి. ఎత్తి వీడియో తీస్తూ పాడితే మీ కళ్లు స్క్రీన్ మీదే ఉంటాయి, నాకైతే అది అస్సలు నచ్చదు.

చట్టం కూడా తెలుసుకోండి. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ప్రకారం కావాలని గీతాన్ని అడ్డుకున్నా, పాడుతున్న సభలో అల్లరి చేసినా మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. అయితే పాడకపోవడమే నేరమా అంటే, కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల పాడకుండా, మర్యాదగా లేచి నిలబడ్డారు. బడి నుంచి తీసేస్తే సుప్రీంకోర్టు 1986లో ఆ పిల్లల పక్షానే తీర్పిచ్చింది. సినిమా హాళ్లలో 2016లో తప్పనిసరి చేసిన ఆదేశాన్ని 2018 జనవరిలో అదే కోర్టు సడలించింది, ఇప్పుడు వేయాలా వద్దా అన్నది హాలువాళ్ల ఇష్టం. వేస్తే లేచి నిలబడాలి, నిలబడలేని వికలాంగులకు మినహాయింపు ఉంది. సినిమా కథలో భాగంగా గీతం వస్తే ప్రేక్షకులు లేవాలన్న నిబంధన లేదు. కాబట్టి పక్క సీట్లో ఒకాయన లేవలేదని కాలర్ పట్టుకోకండి, ఆయన మోకాలికి ఏమైందో మనకేం తెలుసు.

మన జమ్మికుంటలో 2017లో పోలీసులు మైకుల్లో రోజూ పొద్దున గీతం వేయడం మొదలుపెడితే, రోడ్డు మీద బండ్లు ఆపి మరీ జనం నిలబడ్డారు. అంతమందిని కదలకుండా ఉంచింది ఆ 52 సెకన్లే.

సభ రోజు వరస చెప్పేసి ముగిస్తాను. ముందు జెండా ఎగరాలి, విప్పుకున్న వెంటనే గీతం. మైకు దగ్గరున్నవాళ్లు "సావధాన్" అని, ఒక్క క్షణం ఆగి, మీరు చూసుకున్న శ్రుతిలో "జన" అని అందుకోండి, మిగతావాళ్లు "గణ" దగ్గర కలుస్తారు. స్పీకర్లో రికార్డు వేసే పనైతే ముందురోజే వేసి చూసుకోండి, ఎందుకంటే బ్లూటూత్ అప్పటికప్పుడు కనెక్ట్ కాక అందరూ ఎండలో సావధాన్‌లో నిలబడి ఉండాల్సి వస్తుంది. చివరి "హే" పూర్తిగా ఆగాకే "విశ్రామ్" చెప్పండి, చప్పట్లు కొట్టనివ్వకండి.