పొగ చూసి కూర పేరు చెప్పేస్తున్నారు!

[స్క్రీన్ మీద: సున్నం కలిపినట్టున్న తెల్లటి అగర్ ప్లేట్ (బ్యాక్టీరియా పెంచే జెల్లీ పళ్లెం). మధ్యలో లేత గోధుమరంగు కాలనీ, అంటే బ్యాక్టీరియా గుంపు. దాని చుట్టూ అద్దంలా తేటపడిన వలయం.]

ఈ ప్లేట్ చూడండి. ఇలాంటి ఫొటోలు నాకు తరచూ వస్తుంటాయి. కింద ఒకటే మాట: "బాగా మాగిన పండులోంచి అసిటిక్ యాసిడ్ బ్యాక్టీరియా పట్టేశాను. వెనిగర్ తయారీకి పనికొస్తుందా?" ఆల్కహాల్‌ని అసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌గా మార్చే బ్యాక్టీరియా అన్నమాట. అది అదేనని ఎలా తెలిసిందని అడిగితే, "వలయం వచ్చింది కదండీ" అంటారు.

నిప్పు లేనిదే పొగ రాదు. ఒప్పుకుంటాను. కానీ వంటింట్లోంచి పొగ వస్తోందంటే లోపల పొయ్యి వెలుగుతోందని మాత్రమే అర్థం. ఏం వండుతున్నారో, వండేదెవరో, ఆ మనిషికి వెయ్యి మందికి వండే సత్తా ఉందో లేదో పొగ చెప్పదు. ఆ వలయం పొగ లాంటిది. ఈ వీడియో అంతా ఆ పొగ గురించే.

[ప్లేట్ క్లోజప్]

ఆ తెల్లదనం కాల్షియం కార్బొనేట్. సుద్దపొడి. కాలనీ ఆమ్లం వదిలితే సుద్ద కరిగి, అక్కడ అగర్ తేటగా కనిపిస్తుంది. ఏ ఆమ్లమైనా సరే కరుగుతుంది. లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా కూడా ఇంతే చక్కటి వలయం ఇస్తుంది.

అసలు తమాషా ఇంకోటి ఉంది. ఈ పనికి ఎక్కువగా వాడే మీడియం (బ్యాక్టీరియాకి పెట్టే తిండి) జీవైసీ (GYC). లీటరుకు 100 గ్రాముల గ్లూకోజ్, 10 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 20 గ్రాముల సుద్ద, ఆపైన అగర్. ఇందులో ఆల్కహాల్ ఎక్కడుంది? చుక్క కూడా లేదు! వెనిగర్ అంటే ఆల్కహాల్ అసిటిక్ ఆమ్లంగా మారడం. ఆల్కహాలే లేని ప్లేట్ మీద వలయం చూసి వెనిగర్ గురించి మాట్లాడుతున్నాం. మన బ్యాక్టీరియా గ్లూకోజ్‌ని గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ వలయంలో ముఖ్యంగా ఉన్నది అదే. వలయం పెద్దదైతే వెనిగర్ బాగా చేస్తుందనుకోవడం, పొగ ఎక్కువ వస్తే వంట బాగుంటుందనుకోవడం లాంటిదే. నన్నడిగితే పొగ ఎక్కువ వచ్చే వంటిల్లు చూస్తే భయమేస్తుంది.

జీవైసీ పనికిరాదని కాదు. మొదటి వడపోతకి బంగారం లాంటిది. సుద్ద ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది కాబట్టి కాలనీ తన ఆమ్లంలో తనే చచ్చిపోకుండా ఉంటుంది. ఒక జాగ్రత్త చెప్తాను. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే కుక్కర్) నుంచి తీసిన వెంటనే పోశారనుకోండి, పల్చటి అగర్‌లో సుద్ద అంతా అడుక్కి దిగిపోతుంది. సుమారు 50 డిగ్రీలకు చల్లారనిచ్చి, ఫ్లాస్క్‌ని గుండ్రంగా తిప్పుతూ, ప్రతి ప్లేటుకీ మధ్యలో మళ్లీ తిప్పుతూ పోయాలి. బుడగలు రాకుండా మాత్రం చూసుకోండి, వలయాలకూ బుడగలకూ తేడా తెలియక నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

సరే, వంటమనిషిని, అంటే అసిటిక్ బ్యాక్టీరియాని, ఎక్కడ వెతకాలి? చక్కెర, ఆల్కహాల్, గాలి, ఈ మూడూ కలిసే చోట. మాగి చిట్లిన పండ్లు, పువ్వుల్లోని తేనె, పులిసిన రసాలు, కొంబుచా (పులియబెట్టిన టీ) మీద తేలే మందపాటి పొర, పండ్ల మీద ముసిరే చిన్న ఈగల పొట్ట. ద్రాక్షలో ఒక విషయం నాకు భలే ఇష్టం. ఆరోగ్యంగా ఉన్న గుత్తి మీద ఎక్కువగా గ్లూకోనోబాక్టర్ అనే అసిటిక్ బ్యాక్టీరియా ఉంటుంది, దానికి చక్కెరంటే ప్రాణం. పండు చిట్లి, ఈస్ట్ చేరి, ఆల్కహాల్ పుట్టాక దాని బంధువు అసిటోబాక్టర్ జోరందుకుంటుంది. అంటే ఏ దశలో పండు తెచ్చారన్నదే మీకు ఎవరు దొరుకుతారో సగం తేల్చేస్తుంది. వెనిగర్ కోసం వెతుకుతూ నిగనిగలాడే పండ్లు ఏరుకొచ్చే వాళ్లని చూస్తే ఏమనాలో తెలియదు.

శాంపిల్‌ని నేరుగా ప్లేట్ మీద పూస్తే ఈస్టులూ బూజులే నిండిపోతాయి. అందుకే ముందు ద్రవంలో పెంచాలి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, కొద్దిగా గ్లూకోజ్, 3 నుంచి 4 శాతం ఇథనాల్, అర శాతం దాకా అసిటిక్ ఆమ్లం. ఇది వంటమనిషికి పెట్టే మొదటి పరీక్ష, మిగతావాళ్లు తలుపు దగ్గరే ఆగిపోతారు. ఈస్టుల్ని ఆపడానికి లీటరుకు 100 మిల్లీగ్రాముల సైక్లోహెక్సిమైడ్ వేస్తారు. అది మనకూ విషమే, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. 30 డిగ్రీల దగ్గర మూడు రోజుల నుంచి వారం.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొదటిసారి నేను ఇథనాల్‌ని మీడియంలో ముందే కలిపి ఆటోక్లేవ్‌లో పెట్టాను. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆటోక్లేవ్ 121 దాకా వెళుతుంది. నా ఆల్కహాల్ చాలావరకు ఆవిరైపోయింది! అది చాలదన్నట్టు సీసా నిండా ద్రవం పోసి మూత బిగించేశాను. ఐదు రోజులు చూశాను, ఏమీ లేదు. శాంపిల్‌ని తిట్టుకున్నాను, పాపం దాని తప్పేమీ లేదు. ఈ వంటమనిషికి కిటికీ తెరిచి ఉండాలి. ఆక్సిజన్ లేకపోతే పొయ్యి వెలగదు. ఇథనాల్‌ని చల్లారాక కలపండి, ఫ్లాస్క్‌లో ఐదో వంతే ద్రవం పోయండి, దూది బిరడా పెట్టండి. పైన సన్నటి పొర కట్టి, మూత తీస్తే ముక్కుకి ఘాటు తగిలితే సరైన దారిలో ఉన్నట్టు.

[టేబుల్ మీద: స్లైడ్, డ్రాపర్]

ఇప్పుడు జీవైసీ మీద వలయం వచ్చిన కాలనీ. అది లాక్టిక్ వాళ్లదేమో అన్న అనుమానం తీరాలంటే రెండు నిమిషాల పని. స్లైడ్ మీద చిటికెడు కాలనీ రాసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేయండి. నురగలా బుడగలు వస్తే క్యాటలేజ్ (పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైమ్) ఉన్నట్టు. అసిటిక్ వాళ్లకు సాధారణంగా ఉంటుంది, లాక్టిక్ వాళ్లకు సాధారణంగా ఉండదు. ఇంకో స్లైడ్ మీద 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాలనీని కలిపి, లూప్‌ని మెల్లగా పైకెత్తండి. పాకంలా తీగ సాగితే గ్రామ్ నెగెటివ్, అంటే పల్చటి కణగోడ ఉన్న రకం. అసిటిక్ వాళ్లు అదే, లాక్టిక్ వాళ్లు కాదు. చూశారా, తీగ! ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు రాదు. ఇంత చవకైన పరీక్షలు వదిలేసి నేరుగా సీక్వెన్సింగ్‌కి (డీఎన్ఏ చదివించడానికి) పరిగెత్తడం ఎందుకో.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్లేట్. కార్ (Carr) మీడియం. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 శాతం ఇథనాల్, బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు. ఆ రంగు పీహెచ్ 5.4 పైన నీలంగా, 3.8 కింద పసుపుగా ఉంటుంది. ఇథనాల్ ఆమ్లంగా మారితే కాలనీ చుట్టూ పసుపు. ఇక్కడితో ఆగి ఫొటో తీసి పంపించేస్తారు. తీయకండి, ఇంకొన్నాళ్లు ఆగండి. కొన్ని ప్లేట్లలో పసుపు మళ్లీ ఆకుపచ్చగా, నీలంగా మారిపోతుంది.

ఏం జరిగింది? వంటమనిషి వండింది తనే తినేశాడు! ఇథనాల్ అయిపోయాక అసిటోబాక్టర్, కొమగటైబాక్టర్ లాంటివి తాము చేసిన అసిటిక్ ఆమ్లాన్నే కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా తగలబెట్టేస్తాయి. దీన్ని ఓవర్ ఆక్సిడేషన్ అంటారు. గ్లూకోనోబాక్టర్ అలా చేయలేదు, దానిలో క్రెబ్స్ చక్రం (ఆ తగలబెట్టే పని చేసే చర్యల వరస) పూర్తిగా లేదు, అందుకే దాని ప్లేట్ పసుపుగానే ఉండిపోతుంది. ఒక్క రంగు రెండు జాతుల్ని విడదీసేసింది.

అలా అని తినేవాణ్ని పనిలోంచి తీసేయకండి. వెనిగర్ ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువగా ఆ తినేవాళ్లే. కిటుకేమిటంటే ఇథనాల్ పూర్తిగా అయిపోనివ్వరు. కొద్దిగా మిగిలి ఉండగానే సగం తీసి, కొత్తది పోస్తారు. వంటమనిషి చేతికి ఎప్పుడూ పని ఉంటే కంచం వైపు చూడడు.

తర్వాత ఎంత చేస్తోందో కొలవాలి. 5 మిల్లీలీటర్ల కల్చర్, రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ (ఆమ్లం అయిపోగానే గులాబీ రంగు చూపే సూచిక), బ్యూరెట్‌లో 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్. ఒక మిల్లీలీటర్ క్షారానికి 6 మిల్లీగ్రాముల అసిటిక్ ఆమ్లం లెక్క. 25 మిల్లీలీటర్లు పట్టిందంటే 150 మిల్లీగ్రాములు, అంటే 3 శాతం. బ్యాక్టీరియా వేయని మీడియంని కూడా కొలిచి తీసేయండి. ముందే అసిటిక్ ఆమ్లం పోసింది మీరే కదా! లెక్క ప్రకారం 46 గ్రాముల ఇథనాల్ నుంచి 60 గ్రాముల ఆమ్లం రావాలి. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే సంబరపడకండి, ఎక్కడో తప్పు జరిగింది. ఇంకో మాట, ఇలా క్షారంతో కొలిచే ఈ టైట్రేషన్ కూడా పొగే. మొత్తం ఆమ్లం ఎంతో చెప్తుంది, ఏ ఆమ్లమో చెప్పదు. అందుకే ఈ దశలో మీడియంలో గ్లూకోజ్ వద్దంటాను. కచ్చితంగా కావాలంటే, ఆమ్లాల్ని విడివిడిగా కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం.

పనికొస్తుందా అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. ట్యాంకులో గాలి ఊదుతూ 10 శాతం దాటించాలంటే కొమగటైబాక్టర్ యూరోపేయస్ లాంటి గట్టి పిండం కావాలి. మీది 3 శాతానికే సొమ్మసిల్లితే ఆ ఉద్యోగానికి కాదు. ఇంకో ఉద్యోగానికి కావచ్చు. సార్బిటాల్‌ని సార్బోజ్ అనే చక్కెరగా మార్చే గ్లూకోనోబాక్టర్ లేకపోతే 1930ల్లో రసాయన శాస్త్రవేత్త టాడియస్ రైష్‌స్టైన్ కనిపెట్టిన విటమిన్ సి తయారీ పద్ధతే ఉండేది కాదు. పైన మందంగా పొర కడితే సెల్యులోజ్ కోసం చూడండి, దాన్ని 1886లోనే గుర్తించారు. 37 డిగ్రీల దాకా తట్టుకుంటే ఇంకా మంచిది. ఈ చర్యలో వేడి బాగా పుడుతుంది, ట్యాంకు చల్లబరిచే ఖర్చు తగ్గుతుంది.

టైమ్ అయిపోతోంది, పేరు పెట్టడం గబగబా చెప్పేస్తా. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో (నకలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీయాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువుని పీసీఆర్ చేస్తే, అంటే నకళ్లు తీసి చదివిస్తే, సుమారు 1,500 అక్షరాల వరస వస్తుంది. డేటాబేస్‌లో వెతికితే "99.8 శాతం ఫలానా స్పీషీస్" అంటుంది, అందరూ అదే రాసేసుకుంటారు. 16ఎస్ చెప్పేది ఇంటిపేరు. ఈ కుటుంబంలో అన్నదమ్ముల ఇంటిపేర్లు ఒకటే, 99 శాతం దాటి కలిసే స్పీషీస్ చాలా ఉన్నాయి. అసలు పేరు కావాలంటే డీఎన్ఏకే (dnaK), గ్రోఈఎల్ (groEL), ఆర్‌పీఓబీ (rpoB) అనే జన్యువులు చూడండి, లేదా మొత్తం జీనోమ్ (దాని డీఎన్ఏ అంతా) చదివించి, తెలిసిన స్పీషీస్‌తో సగటు పోలిక 95, 96 శాతం దాటిందేమో చూడండి.

దొరికిన రోజే గ్లిసరాల్ కలిపి మైనస్ 80లో దాచండి. ప్లేట్ నుంచి ప్లేటుకి మారుస్తూ పోతే వంటమనిషి వంట మర్చిపోతాడు. సెల్యులోజ్ చేసేవైతే కుదుపుతూ పెంచితే పొర కట్టడమే మానేస్తాయి. ఇది నిజంగా జరిగేదే, వేరే వీడియోలో చెప్తాను.

ఫొటో పంపినవాళ్లకు ఒక్క మాట. ముందు ఆ పెరాక్సైడ్ చుక్క వేయండి. బుడగలు వస్తే, కార్ ప్లేట్ మీద ఐదో రోజు ఏ రంగుందో చూసి అప్పుడు రాయండి.