క్యాంపస్ క్రైమ్ రిపోర్టు ఎలా చదవాలి: ఫోన్-ఇన్ కార్యక్రమం

(కాలర్ల పేర్లు తొలగించాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికా యూనివర్సిటీలు తమ క్యాంపస్‌లో జరిగిన నేరాల వివరాలు ఏటా ఒక రిపోర్టులో బయటపెట్టి తీరాలని అక్కడ ఒక చట్టం ఉంది. దాన్ని క్లెరీ చట్టం అంటారు. ఆ రికార్డులు చూసే ఆఫీసులో పనిచేసిన మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. మా అమ్మాయికి ఎమ్మెస్‌కి రెండు చోట్ల అడ్మిట్ వచ్చింది. ఎవరో చెబితే ఆ రిపోర్టులు తీసి చూశాను. ఒకదాంట్లో రేప్ కేసులు సున్నా. రెండోదాంట్లో ఏడాదికి ఇరవైకి పైనే. అది చూసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. సున్నా ఉన్న చోటికే పంపిద్దామనుకుంటున్నాం.

అతిథి: ఆగండి సార్. ఆ సున్నా ఉన్న కాలేజీలో హాస్టళ్ళు ఉన్నాయా?

కాలర్: లేవు మేడమ్. ఊళ్ళో రెండు మూడు బిల్డింగులు, అంతే.

అతిథి: రెండోదాంట్లో?

కాలర్: దాంట్లో వేలమంది లోపలే ఉంటారట.

అతిథి: అదండీ తేడా. రాత్రి క్యాంపస్‌లో మనిషే ఉండని చోట సున్నా రాకపోతే ఇంకేమొస్తుంది? ఈ లెక్క ముఖ్యంగా క్యాంపస్‌లోనూ దాన్ని ఆనుకున్న చోట్లా జరిగినవాటిదే. ఇంకో సంగతి, అది కోర్టులో రుజువైన కేసుల లెక్క కాదు, ఫిర్యాదుల లెక్క. ఎప్పుడో జరిగిందాన్ని అమ్మాయి ఈ ఏడాది ధైర్యం చేసి చెబితే ఈ ఏడాది లెక్కలోకే వస్తుంది. చెప్పుకునే వీలున్న చోట అంకె పెరుగుతుంది. పెద్ద హాస్టళ్ళున్న యూనివర్సిటీలో వరసగా మూడేళ్ళు సున్నా కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

కాలర్: మరి వాళ్ళు కావాలనే తగ్గించి రాస్తే?

అతిథి: రాసినవాళ్ళున్నారు, జరిమానాలు కట్టినవాళ్ళూ ఉన్నారు. మిషిగన్ స్టేట్ మీద 2019లో 45 లక్షల డాలర్లు వేశారు. వర్జీనియాలోని లిబర్టీ యూనివర్సిటీ మీద 2024లో 1 కోటి 40 లక్షల డాలర్లు. నిజానికి ఈ చట్టం పుట్టిందే దాచిపెట్టడం వల్ల. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ళ అమ్మాయిని హాస్టల్ గదిలోనే అత్యాచారం చేసి చంపేశారు. చంపింది అక్కడి విద్యార్థే. వాటంతటవే తాళం పడాల్సిన తలుపులకు ఎవరో అడ్డం పెట్టి వదిలేశారు, వాడు వాటిలోంచే వచ్చాడు. క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల సంగతి మాకెవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు పోరాడితే 1990లో ఫెడరల్ చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆర్థిక సాయం పథకాల్లో ఉన్న ప్రతి కాలేజీకీ వర్తిస్తుంది, ప్రైవేటైనా సరే.

వ్యాఖ్యాత: మరి సార్ ఏం చూడాలంటారు?

అతిథి: సార్ చూసిన ఆ రిపోర్టు పేరు యాన్యువల్ సెక్యూరిటీ రిపోర్టు. అందులో అంకెల పట్టిక రెండు మూడు పేజీలే. మిగతా వంద పేజీల్లో ఫిర్యాదు ఎవరికివ్వాలి, అలర్టు ఎవరు పంపుతారు, విచారణ ఎలా చేస్తారు, అన్నీ ఉంటాయి. వాటిని చదివేవాళ్ళే లేరు, నాకు అదే బాధ. హాస్టళ్ళుంటే అగ్నిప్రమాదాల రిపోర్టు కూడా ఉంటుంది, అదీ చూడండి. ఇంకా అడ్మిషన్ తీసుకోని వాళ్ళు కాగితం మీద కాపీ అడిగినా ఇవ్వాలి.

వ్యాఖ్యాత: నల్గొండ నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు.

కాలర్: మేడమ్, మా బాబు అక్కడికి పోయి ఏడాదైంది. నలుగురు తెలుగు పిల్లలు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. మొన్న వాళ్ళ పార్కింగ్‌లో ఒకబ్బాయికి తుపాకీ చూపించి ఫోన్ గుంజుకున్నరట. ఇది ఆ రిపోర్టులో రాస్తరా?

అతిథి: ఆ అపార్ట్‌మెంట్ యూనివర్సిటీదా అమ్మా, ప్రైవేటుదా?

కాలర్: ప్రైవేటుదే. బస్సులో పది నిమిషాలు.

అతిథి: అయితే రాదమ్మా. మన పిల్లలకు తగిలే చిక్కంతా ఇక్కడే ఉంది. క్యాంపస్, యూనివర్సిటీ ఆధీనంలో ఉండి విద్యార్థులు వాడే బయటి బిల్డింగులు, క్యాంపస్‌ని ఆనుకున్న రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ఇంతవరకే లెక్క. ఎమ్మెస్‌కి వెళ్ళే మనవాళ్ళేమో అద్దె తక్కువని ఎక్కువమంది బయటే ఉంటారు. గ్యాస్ స్టేషన్‌లోనో, రాత్రి బస్టాప్‌లోనో జరిగింది ఆ పట్టికలో కనిపించదు. దానికి ఆ ఊరి పోలీసుల వెబ్‌సైట్ చూడాలి. చాలా ఊళ్ళలో ఏ వీధిలో ఏం జరిగిందో మ్యాప్ మీద పెడతారు. ఇల్లు తీసుకునే ముందే బాబుని ఆ మ్యాప్ చూడమనండి. సీనియర్లు అద్దె సంగతి చెబుతారు గానీ ఈ సంగతి చెప్పరు.

కాలర్: పోలీసులకు చెప్పిండు మేడమ్. ఫోన్ మాత్రం దొరకలే.

అతిథి: చెప్పి మంచి పని చేశాడమ్మా. ఫోన్ దొరక్కపోయినా రికార్డు ఉంటుంది.

వ్యాఖ్యాత: డాలస్ నుంచి ఒక విద్యార్థి.

కాలర్: హాయ్ మేడమ్. మా క్యాంపస్‌లో రాత్రి దొంగతనం జరిగితే అలర్టు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. అది చట్టమేనా?

అతిథి: రెండు రకాలుంటాయి నాన్నా. తుపాకీతో ఎవడో తిరుగుతున్నాడు, గ్యాస్ లీకైంది, అలాంటి వాటికి నిజమేనని తేలగానే అత్యవసర అలర్టు పంపాలి. జరిగిపోయినా ఇంకా ముప్పు మిగిలి ఉంటే హెచ్చరిక పంపాలి. దానికి ఇన్ని గంటలని గడువు రాయలేదు, వీలైనంత త్వరగా అన్నారు. యూనివర్సిటీలు సాగదీసేది అక్కడే. 2007లో వర్జీనియా టెక్‌లో పొద్దున ఏడుంపావుకి హాస్టల్‌లో కాల్పులు జరిగితే మొదటి ఈమెయిల్ తొమ్మిదిన్నర ప్రాంతంలో వెళ్ళింది. ఆ వెంటనే ఇంకో బిల్డింగ్‌లో కాల్పులు మొదలయ్యాయి. కాల్పులు జరిపినవాడు మొత్తం 32 మందిని చంపాడు. అత్యవసర అలర్టు నిబంధన ఆ తర్వాత, 2008లో వచ్చిందే. నీకు అనుమానముంటే క్యాంపస్ పోలీసు ఆఫీసుకి వెళ్ళి డైలీ క్రైమ్ లాగ్, అంటే తమ దృష్టికి వచ్చిన నేరాలు రాసే రిజిస్టరు, అడుగు. గత 60 రోజులది పని వేళల్లో ఎవరికైనా చూపించాలి. నేరం ఎప్పుడు జరిగిందో, ఏ రోజు వాళ్ళకి తెలిసిందో అందులో ఉంటుంది, అలర్టు టైముతో పోల్చుకో.

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్ ఊరు చెప్పొద్దన్నారు. చెప్పమ్మా.

కాలర్: మేడమ్... మా ఫ్రెండ్‌ని ఒకబ్బాయి వెంటపడి బాగా వేధిస్తున్నాడు. క్లాస్ దగ్గర, లైబ్రరీ దగ్గర, ప్రతిచోటా. చెబితే పేరు బయటికొస్తుందని, వీసాకి ఇబ్బందని భయపడుతోంది.

అతిథి: రిపోర్టులో పేరు రాదమ్మా, అంకె మాత్రమే వస్తుంది. ఇలా వెంటపడటం కూడా ఈ చట్టం కింద లెక్కపెట్టాల్సిన నేరమే. కానీ ఎవరికి చెబుతున్నామో తెలుసుకుని చెప్పాలి. కౌన్సెలింగ్ సెంటర్‌లో లైసెన్స్ ఉన్న కౌన్సెలర్‌కి చెబితే వాళ్ళ దగ్గరే ఉంటుంది. హాస్టల్ ఆర్ఏకో (హాస్టల్ బాగోగులు చూసే సీనియర్ విద్యార్థి), కోచ్‌కో చెబితే లెక్క కోసం పైకి పంపాల్సిందే. కొన్ని చోట్ల ప్రొఫెసర్లు పేరుతో సహా టైటిల్ నైన్ ఆఫీసుకి, అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఆఫీసుకి, చెప్పాలి. అందుకని నోరు విప్పే ముందే "ఇది మీ దగ్గరే ఉంటుందా?" అని అడగమను.

కాలర్: పోలీస్ కేసు తప్పనిసరా?

అతిథి: కాదు. పెట్టాలా వద్దా అన్నది తన ఇష్టం. కేసు పెట్టకపోయినా క్లాసు మార్చడం, ఉండే చోటు మార్చడం లాంటివి అడగొచ్చు, కుదిరినంతలో చేయాలి. తన హక్కులేంటో కాగితం మీద రాసివ్వాలి. వీసా, ఇమిగ్రేషన్ సాయం ఎక్కడ దొరుకుతుందో కూడా అందులో చెప్పాలి, అది చట్టంలోనే ఉంది. వేధింపు గురించి చెప్పినంత మాత్రాన ఎఫ్-1 స్టూడెంట్ వీసా పోదు. కానీ భయంతో క్లాసులు మానేసినా, సబ్జెక్టులు డ్రాప్ చేసినా స్టేటస్‌కి ఇబ్బంది రావచ్చు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోవాలి. వాడు పంపిన మెసేజ్‌లు ఒక్కటీ చెరపొద్దని చెప్పు.

కాలర్: సరే మేడమ్. తనకి... చెప్తాను.

అతిథి: ఒంటరిగా వెళ్ళొద్దమ్మా. నువ్వూ పక్కనుండు.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోతోంది. వరంగల్ నుంచి లెక్చరర్ గారు, క్లుప్తంగా.

కాలర్: మనకీ ఇలాంటి చట్టం ఉందా మేడమ్?

అతిథి: క్యాంపస్ నేరాలన్నీ పట్టికగా వేసి ప్రతి ఏడాదీ జనం ముందు పెట్టే చట్టం మనకి లేదండీ. లైంగిక వేధింపుల మీద యూజీసీ 2015 నిబంధనలున్నాయి, అంతర్గత కమిటీ ఉండాలి. ర్యాగింగ్ మీద 2009 నిబంధనలు వేరే. అమెరికావాళ్ళు 2024 చివర్లో హేజింగ్‌ని, అంటే ర్యాగింగ్ లాంటిదే, క్లెరీ లెక్కల్లో చేర్చారు. మీ కాలేజీలో కమిటీ సభ్యుల పేర్లు బోర్డు మీద ఉన్నాయో లేదో రేపు వెళ్ళి చూడండి.

వ్యాఖ్యాత: గుంటూరు సార్ మళ్ళీ మెసేజ్ పెట్టారు. కొత్త రిపోర్టు ఎప్పుడొస్తుందట?

అతిథి: ఏటా అక్టోబర్ 1 లోపు. 2025 అక్టోబర్‌ది తీస్తే అందులో 2022, 2023, 2024 ఉంటాయి. కాబట్టి వేసవిలో చూసేవాళ్ళకి దొరికేది కాస్త పాత లెక్కే సార్. ఈమధ్య ఏం జరిగిందో కావాలంటే ఆ 60 రోజుల క్రైమ్ లాగ్‌నే చూడాలి. చాలా యూనివర్సిటీలు ఆన్‌లైన్‌లో పెడతాయి, గుంటూరులో కూర్చునే చూడొచ్చు.