మంచును తూచే త్రాసు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని మల్లేశ్వరం దాకా వచ్చారు, సంతోషం. నా పక్కనున్న ఈ థర్మోకోల్ పెట్టెలో ఏముందో చివర్లో చూపిస్తాను. అది కరిగిపోయేలోపు ముగించాలన్న టెన్షన్ నాకూ ఉంది.

ముందు ఒక మాటల చిక్కు. ధనుర్మాసంలో గడ్డి మీద పడేదీ మంచే, రోడ్డు కనపడనీయకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ఈ పూటకు నేను కురిసేదాన్ని మంచు అంటాను, అది ఏళ్ల తరబడి అణిగి గట్టిపడితే ఐసు అంటాను.

నేను మంచునూ ఐసునూ కొలిచే పరికరాలు తయారుచేసేవాణ్ని, శాస్త్రవేత్తను కాను. ఆ శాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడికి దగ్గర్లోనే, ఐఐఎస్‌సీలో వాతావరణ మార్పులను అధ్యయనం చేసే దివేచా సెంటర్‌లో ఉన్నారు. నాకు తెలిసింది పెట్టెలు, వైర్లు, బ్యాటరీలు. అవి కొండెక్కాక ఎలా మొరాయిస్తాయో మాత్రం బాగా తెలుసు.

సోలెడు బొరుగులూ సోలెడు బియ్యమూ ఒకే బరువు తూగవు కదా. మంచు కూడా అంతే. అప్పుడే కురిసిన పొడిమంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు ఉంటుంది. కొన్ని వారాలు అణిగితే 300 దాకా వస్తుంది. హిమానీనదపు ఐసు అయితే దాదాపు 900. అందుకే నదికి ఎంత నీరొస్తుందో చెప్పడానికి ఎన్ని అడుగులు కురిసిందన్న లెక్క ఒక్కటే పనికిరాదు. 120 సెంటీమీటర్ల మంచు, సాంద్రత 300 అనుకోండి, కరిగితే 36 సెంటీమీటర్ల నీళ్లు. అదే లోతు, సాంద్రత 100 అయితే పన్నెండే.

దీన్ని కొలిచే సామాను చూస్తే మీకు నవ్వొస్తుంది. ఒక పార, ఒక స్ప్రింగు త్రాసు, ఈ స్టీలు కట్టర్. దీన్ని చేతులు మార్చుకుంటూ చూడండి, అంచు పదును, పిల్లలకు ఇవ్వకండి. నేల తగిలేదాకా గొయ్యి తవ్వి, నీడపక్క గోడలో పొరపొరకూ దీన్ని గుచ్చి తీస్తారు. ఇందులో సరిగ్గా 100 ఘనపు సెంటీమీటర్లు పడుతుంది కాబట్టి, వచ్చిన గ్రాములను పదితో గుణిస్తే ఘనపు మీటరుకు కిలోల్లో సాంద్రత. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. చలికి బిగుసుకున్న బుర్రకు అంతకంటే కష్టమైన లెక్క పెట్టకూడదు. అమెరికాలోని నెవాడాలో జేమ్స్ చర్చ్ అని లాటిన్ చెప్పే ప్రొఫెసర్ ఉండేవారు. వందేళ్ల కిందట మంచును గొట్టంతో తూచే పద్ధతికి బాట వేసింది ఆయనే. ఆ గొట్టాల వంశానికి చెందిన ఫెడరల్ శాంప్లర్ గొట్టం లోపలి వ్యాసం 1.485 అంగుళాలు. ఆ వింత అంకె ఎందుకంటే, అప్పుడు ఒక ఔన్సు మంచు తూగితే ఒక అంగుళం నీళ్లున్నట్టే. లెక్కంతా గొట్టంలోనే దాచేశారు.

గట్టిదనం చూడటానికి ఇంకా చవకైన పరికరం ఉంది. ముందు పిడికిలి, తర్వాత నాలుగు వేళ్లు, ఒక వేలు, పెన్సిలు, చివరికి కత్తి. తేలిగ్గా నొక్కితే ఏది లోపలికి దిగుతుందో అదే ఆ పొర గ్రేడు. ఇది ఊరి వైద్యం కాదు, అంతర్జాతీయ వర్గీకరణలో ఉన్నదే. అడుగున చక్కెర పలుకుల్లా రాలే పొర తగిలితే జాగ్రత్త, పైనున్న మంచంతా దాని మీద నుంచే జారుతుంది. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో తయారైన స్నో మైక్రోపెన్ అనే పరికరం మోటారుతో ఒక కడ్డీని దింపుతూ మిల్లీమీటరుకు 250 సార్లు నిరోధాన్ని నమోదు చేస్తుంది. నాకు దానిమీద మోజు ఉంది. కానీ పిడికిలికి బ్యాటరీ అయిపోదు.

బ్యాటరీ అన్నాను కాబట్టి నా భాగోతం చెప్పాలి. మంచులో తడి ఎంతుందో కొలిచే మీటరు ఒకటి చేశాం. విద్యుత్ క్షేత్రానికి నీళ్లు, ఐసు స్పందించే తీరు వేరు. ఐసు డైఎలెక్ట్రిక్ అంకె 3 చిల్లర, నీళ్లది 80 పైన. కాబట్టి కొంచెం తడి ఉన్నా మీటరుకు తెలిసిపోతుంది. బెంగళూరులో మైనస్ 20 కోల్డ్ చాంబర్‌లో వారం రోజులు పెట్టాం, బ్రహ్మాండంగా పనిచేసింది. హిమాచల్ ప్రదేశ్ కొండల్లోని లాహౌల్‌లో మొదటి రోజే చేతులెత్తేసింది. గ్లవ్స్ వేసుకుంటే టచ్ స్క్రీన్ పలకలేదు, తీస్తే నా వేళ్లు పలకలేదు. వైరు పైతొడుగు కట్టెలా బిగిసి పగిలింది. రాత్రి టెంటులో ఫుల్ చూపించిన బ్యాటరీ పొద్దున పది నిమిషాలకు పడుకుంది. గడ్డకట్టే చలిలో లిథియం అయాన్ బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని పాడవుతుంది, ఆ తప్పూ చేశాను. చాంబర్‌లో పరికరానికి చలి పెట్టాం, పట్టుకునే మనిషికి పెట్టలేదు. ఇప్పుడు మా పెట్టెలకు లావు బటన్లు, సిలికాన్ వైర్లు. బ్యాటరీ చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడికి.

ఐసు దగ్గరికి వస్తే నాకు ఇష్టమైనది స్టీమ్ డ్రిల్. గ్యాస్ పొయ్యి మీద బాయిలర్, దానికొక గొట్టం, చివర నాజిల్. అంటే మన ప్రెషర్ కుక్కరే, కాస్త కోపంగా. ఆవిరితో ఐసులో పది మీటర్ల దాకా సన్నటి రంధ్రం పడుతుంది. అందులో వెదురు కర్ర దింపి వచ్చేస్తారు. ఏడాది తర్వాత వెళ్తే ఎంత కర్ర బయటపడిందో అంత ఐసు పోయినట్టు. లాహౌల్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదం మీద 2002 నుంచి కర్రలతో ఈ లెక్క నడుస్తోంది. ఐసు మందం కావాలంటే మాత్రం రాడార్ మోయాల్సిందే. ఐసులో రేడియో తరంగం నానోసెకనుకు సుమారు 17 సెంటీమీటర్లు పోతుంది, అడుగున తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి మందం కట్టొచ్చు. కరుగుతున్న ఐసులో నీళ్లుంటే ప్రతిధ్వని చెదిరిపోతుంది, అప్పుడు రాడార్ వాళ్లు కూడా మనలాగే దిక్కులు చూస్తారు.

ఇక పెట్టె తెరుద్దాం. ఇది మా ఇంటి పాత ఫ్రిజ్ ఫ్రీజర్‌లోంచి గీకి తెచ్చింది. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను కాబట్టి కొంత కరిగినట్టుంది. అయినా డబ్బా మూత బిగించాను, నీరైనా ఆవిరైనా బయటికి పోలేదు, బరువు మారదు. ఖాళీ డబ్బా ఇంట్లోనే తూచాను, 62 గ్రాములు. ముందు వరసలో బాబూ, ఆ త్రాసు పట్టుకుని కాస్త పైకి రా.