ఎమ్మారైలో ఇప్పుడు గడ్డ లోపలి రసాయనం కూడా కనిపిస్తోంది

అందరికీ నమస్కారం.

మెదడులో నెమ్మదిగా పెరిగే గడ్డ, అంటే లో గ్రేడ్ గ్లయోమా, ఉండొచ్చని రిపోర్టు రాగానే ఇంట్లో వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. "ఇది ఏ రకం డాక్టర్ గారూ?" అని అడుగుతారు. ఒకప్పుడు రేడియాలజిస్టులం గడ్డ అంచులు చూసి, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చాక వెలుగుతోందో లేదో చూసి చెప్పేవాళ్లం. వెలగని గడ్డల్లోనూ వేగంగా పెరిగేవి ఉంటాయి కాబట్టి ఆ ఒక్క గుర్తునే నమ్మలేం.

ఈ గడ్డల్లో చాలావాటికి ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2008 నుంచి తెలుస్తూ వచ్చింది. ఆ మార్పు వల్ల కణాల్లో 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం పేరుకుంటుంది. మామూలు మెదడులో అది దాదాపు ఉండదు. 2012లో అమెరికాలోని డాలస్ పరిశోధకులు కత్తి పెట్టకుండానే, కణాల్లోని రసాయనాలను కొలిచే ఎమ్మారై స్పెక్ట్రోస్కోపీతో దాన్ని రోగుల మెదడులో కొలిచారు. నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించే పని ఇది. అయితే గ్లుటమేట్ అనే మెదడులోని మరో రసాయనం సంకేతం పక్కనే ఉండి అడ్డొస్తుంది, గడ్డ చిన్నదైతే కొలత సరిగ్గా రాదు. అందుకే అన్నిచోట్లా చేయడం లేదు.

ఖర్చు పెరగని గుర్తు ఇంకోటి ఉంది. మామూలు ఎమ్మారై స్కాన్‌లోనే టీ2 అనే ఒక రకం బొమ్మలో గడ్డంతా తెల్లగా ఉండి, ఫ్లెయిర్ అనే మరో రకం బొమ్మలో అంచు మాత్రమే తెల్లగా మిగిలి లోపల నల్లబడితే, పెద్దవాళ్లలో అది చాలావరకు ఐడీహెచ్ మార్పున్న ఆస్ట్రోసైటోమా అనే రకం గ్లయోమానే. ఈ గుర్తు కనిపించలేదంటే మాత్రం ఆ రకం కాదని అర్థం కాదు.

రక్తప్రసారాన్ని కొలిచే పర్‌ఫ్యూజన్ స్కాన్ ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ఆలిగోడెండ్రోగ్లయోమా అనే ఇంకో రకం గ్లయోమా నెమ్మదిగా పెరిగేదైనా దానిలో సన్నని రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, చూస్తే ఉధృతమైన గడ్డలా అనిపిస్తుంది. అమైనో ఆమ్లాలతో చేసే పెట్ స్కాన్ బయాప్సీ ముక్క ఎక్కణ్ణుంచి తీయాలో చూపిస్తుంది. తుది మాట ఆ ముక్కదే, దాని జన్యు పరీక్షదే.

ఐడీహెచ్ మార్పున్న గ్రేడ్ 2 (నెమ్మదిగా పెరిగే స్థాయి) గడ్డలకు వొరాసిడెనిబ్ మాత్రను 2024 ఆగస్టులో అమెరికా ఆమోదించింది. అందువల్ల రకం తెలియడం ఇప్పుడు చికిత్సనే మారుస్తుంది.

ఇక మీ చేతిలో ఉన్నది. ఈ గడ్డలు చికిత్స లేకపోతే సగటున ఏడాదికి 4 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. ఆరు నెలల కిందటి స్కాన్‌తో పోలిస్తే తేడా కంటికి ఆనదు, మొదటి స్కాన్ పక్కన పెడితే తెలుస్తుంది. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. మొదటి స్కాన్ సీడీని ప్రతిసారీ వెంట తెచ్చుకోండి.