మావారికి 65: మెడికేర్, మంగళగిరి స్థలం, ఒక పంటినొప్పి

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ వంటా లేదు, షాపింగూ లేదు. డైనింగ్ టేబుల్ మీద ఈ కాగితాల గుట్ట చూశారా? జనవరి నుంచి మా మెయిల్‌బాక్సులో పడినవే ఇవన్నీ. ప్రతిదాని మీదా నవ్వుతున్న తెల్లజుట్టు దంపతులు, పక్కన ఒక కుక్కపిల్ల, కింద పెద్దపెద్ద అక్షరాలతో 'జీరో డాలర్లు'. మావారికి 65 వస్తున్నాయని మా చుట్టాలకంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీలకే తెలిసిపోయింది.

అసలు ఆయనకు 65 ఎప్పుడు నిండుతాయన్నదే మా ఇంట్లో తగువు. మా అత్తగారి లెక్కలో ఆయన కార్తీక మాసంలో పుట్టారు, అంటే నవంబర్. బళ్ళో వెయ్యడానికి ఐదేళ్ళు నిండాలి కదా, మేష్టారు 1-7-1961 అని రాసేసుకున్నారు. ఆ తరంలో జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టినవాళ్ళు ఎంతమందో మీకు తెలియంది కాదు. ఆ తేదీయే టెన్త్ సర్టిఫికెట్‌లోంచి పాస్‌పోర్టులోకి, అక్కణ్ణుంచి గ్రీన్‌కార్డులోకి, సిటిజన్‌షిప్ కాగితాల్లోకి నడుచుకుంటూ వచ్చింది. ఇప్పుడు మెడికేర్ వాళ్ళకూ అదే. మెడికేర్ అంటే 65 నిండినవాళ్ళకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. ఇందులో ఇంకో తమాషా ఉంది. మామూలుగా 65 నిండే నెల ఒకటో తారీఖు నుంచి మెడికేర్ మొదలవుతుంది. పుట్టినరోజే ఒకటో తారీఖైతే మాత్రం దాని ముందు నెల నుంచే ఇస్తారు. అలా నవంబర్‌లో రావాల్సిన మెడికేర్ మావారికి జూన్ 1నే వచ్చేస్తోంది. మేష్టారి పుణ్యం ఊరికే పోలేదు.

చేరడానికి ఏడు నెలల గడువు ఉంటుంది. మొదలయ్యే నెలకు ముందు మూడు నెలలు, ఆ నెల, తర్వాత మూడు నెలలు. మాకైతే మార్చి నుంచి సెప్టెంబర్ దాకా. అప్పటికే సోషల్ సెక్యూరిటీ, అంటే ఇక్కడి ప్రభుత్వ పింఛను, డబ్బు తీసుకుంటున్నవాళ్ళకు కార్డు దానంతటదే వస్తుంది. మావారు 67 నిండాక పూర్తి మొత్తం తీసుకుందామని ఆగారు కాబట్టి మేమే అప్లై చేసుకోవాల్సి వచ్చింది. మార్చి మొదటి వారంలో ఆన్‌లైన్‌లో పెట్టాం.

ఇదిగోండి కార్డు. నంబర్ మీద బొటనవేలు పెట్టాను, ఏమీ అనుకోకండి. ఈ నంబర్ పట్టుకుని దొంగ బిల్లులు వేసేవాళ్ళు ఉంటారు, ఫోన్‌లో ఎవరడిగినా చెప్పకండి. పైన ఎరుపు, నీలం పట్టీలు, మిగతాదంతా ఉత్త కాగితం. ఇన్నేళ్ళూ జీతంలోంచి 1.45 శాతం పట్టుకుని, కంపెనీ దగ్గరా అంతే వసూలు చేసి, చివరికి చేతిలో పెట్టిన కార్డు మన పెళ్ళి శుభలేఖలో సగం మందం కూడా లేదు. దీని మీద రెండు వరసలు. హాస్పిటల్ పార్ట్ ఏ, మెడికల్ పార్ట్ బి, అంటే డాక్టర్ల ఫీజులూ టెస్టులూ. రెండింటికీ ఎదురుగా 06-01-2026.

పార్ట్ ఏకి మనం నెలనెలా కట్టేదేమీ లేదు, 40 క్రెడిట్లుంటే చాలు. అంటే ఇక్కడ పదేళ్ళ ఉద్యోగం. విజయవాడలో ఆయన చేసిన పన్నెండేళ్ళ ఉద్యోగం ఇందులోకి రాదు, అక్కడి ఉద్యోగాన్ని ఇక్కడి లెక్కలో కలిపే ఒప్పందం ఇండియాకూ అమెరికాకూ లేదు. నేను స్కూల్ క్యాంటీన్‌లో చేసిన పనికి నాకున్నవి 26 క్రెడిట్లే. అయినా ఆయన లెక్క మీద నాకూ పార్ట్ ఏ ఉచితంగానే వస్తుంది. కాకపోతే నాకూ 65 నిండాలి, అది 2028 మేలో. మెడికేర్‌లో ఫ్యామిలీ ప్లాన్ అనేది లేదండీ. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసినా సరే, అక్కడ ఎవరి కార్డు వాళ్ళదే.

ఇక అసలు గొడవకు వస్తాను. మావారికి కుడివైపు దవడ పన్ను ఒకటి చాలాకాలంగా సలుపుతోంది. మామూలు మెడికేర్ పళ్ళ వైద్యానికి ఇవ్వదు. కళ్ళజోడుకూ, వినికిడి మిషన్‌కూ ఇవ్వదు. ఈ జీరో డాలర్ల కాగితాల మీద మాత్రం 'డెంటల్ ఉచితం, జిమ్ ఉచితం' అని ఉంటుంది. వీటినే మెడికేర్ అడ్వాంటేజ్ అంటారు, పార్ట్ సి. ప్రైవేట్ కంపెనీ నడుపుతుంది. "పన్ను సంగతి వీళ్ళే చూసుకుంటామంటున్నారు, ఇంకేం కావాలే?" అని ఈయన సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశారు. నేనే కాగితం లాక్కున్నాను.

ఆ ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. దర్శనం పది నిమిషాలు, క్యాంటీన్‌లో మెడికేర్ చర్చ గంటన్నర. పులిహోర ప్లేటు పట్టుకుని ప్రతివాళ్ళూ నిపుణులే. ఒక అన్నయ్యగారు అడ్వాంటేజే బంగారం అన్నారు. ఇంకొకాయన, 'దాని జోలికి వెళ్ళావో చచ్చావే' అన్నట్టు చూశారు. ఆయన మాటల్లో పనికొచ్చింది మాత్రం తన స్నేహితుడి కథ. ఆ స్నేహితుడు పన్నెండు మంది ఉన్న చిన్న కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాడు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా అని 65 వచ్చినా పార్ట్ బి తీసుకోలేదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్ళు, 'ముందు మెడికేర్ కట్టాలి, మిగిలింది మేం చూస్తాం' అన్నారు. లేని పార్ట్ బి ఏం కడుతుంది? 20 మంది కంటే తక్కువ ఉన్న కంపెనీల్లో రూల్ అదే. మన వాళ్ళు ఇలాంటి చిన్న కంపెనీల్లో ఎంతమంది ఉన్నారో, కాస్త మీ కంపెనీలో తలలు లెక్కపెట్టుకోండి.

గుడిలో దొరికిన సలహాలన్నీ మూటగట్టుకుని మా కౌంటీలో షిప్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాం. షిప్ అంటే ప్రభుత్వం నడిపే ఉచిత సలహా సేవ, ప్రతి రాష్ట్రంలోనూ ఉంటుంది. వాళ్ళు ఏ ప్లానూ అమ్మరు, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోరు. అక్కడ కూర్చున్నావిడ రిటైరైన టీచర్, డెబ్బై దాటి ఉంటాయి. మేం తీసుకెళ్ళిన కాగితాలు ఒక్కటి కూడా తెరవలేదు. "ఏడాదిలో ఎన్ని నెలలు న్యూజెర్సీలో ఉంటారు?" అని అడిగింది. అంతే, ఇన్నాళ్ళూ మేం ఒకరినొకరం అడగని ప్రశ్న అది.

రిటైరయ్యాక మా ప్లాన్ ఏమిటంటే, నవంబర్‌లో విజయవాడ వెళ్ళి మార్చి చివర తిరిగి రావడం. అత్తగారికి 88, ఇక్కడి మంచు మాకు చాలు. అంటే ఐదు నెలలు. అడ్వాంటేజ్ ప్లాన్ మన ఏరియాలోని డాక్టర్లతో కట్టిన నెట్‌వర్క్. ఆ ఏరియా వదిలి వరసగా ఆరు నెలలు దాటితే ప్లాన్‌లోంచి తీసేస్తారు. ఐదు నెలలంటే గీత మీద నడవడమే. అత్తగారికి ఒంట్లో బాగోక ఇంకో నెల ఆగాల్సొస్తే? పైగా మావారికి 2019లో స్టెంట్ పడింది. ఆ డాక్టర్ మాకు దొరకడమే అదృష్టం, నెట్‌వర్క్‌లో లేడని ఆయన్ని మార్చుకోలేం. పెద్ద టెస్టులకు ముందు కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడ్డం ఇంకోటి. అడ్వాంటేజ్ చెడ్డదని నేననను. మా పక్కింటావిడ ఎడిసన్ దాటి ఎక్కడికీ వెళ్ళదు, ఆరేళ్ళుగా హాయిగా ఉంది. ఈ ఏడాది నెట్‌వర్క్‌లో మన జేబులోంచి పెట్టే ఖర్చు 9,250 డాలర్లు దాటకూడదన్న హద్దు కూడా వాటికి ఉంది.

మామూలు మెడికేర్‌కు ఆ హద్దు లేదు. పార్ట్ బిలో ఏడాదికి మొదటి 283 డాలర్లు మనం కట్టాక, ప్రతి బిల్లులోనూ 20 శాతం మనదే, ఎంతైనా సరే. ఆ 20 శాతం కోసం ప్రైవేట్ కంపెనీల దగ్గర తీసుకునే ఇన్సూరెన్సే మెడిగ్యాప్. అందులో మేం ప్లాన్ జి అనే రకం తీసుకున్నాం. ఆ 283 తప్ప పార్ట్ బిలో మనవంతు మిగతాదంతా అదే కడుతుంది. ఇక్కడ ఒక కిటుకు. ప్లాన్ జి ఏ కంపెనీ అమ్మినా లోపలి సరుకు ఒకటే, ప్రభుత్వం అలా కట్టడి చేసింది. ఓక్‌ట్రీ రోడ్డు కొట్లలో సోనా మసూరి లాగా అన్నమాట, బస్తా మీద బొమ్మ మారుతుంది, బియ్యం అవే. మాకొచ్చిన కొటేషన్లలో నెలకు 60 డాలర్ల తేడా ఉంది. తక్కువది తీసుకున్నాం.

మెడిగ్యాప్‌కు తలుపు తెరిచి ఉండేది పార్ట్ బి మొదలైన దగ్గర్నుంచి ఆరు నెలలే. ఈ లోపు వెళితే ఒంట్లో ఏముందని అడగకూడదు. ఆ తర్వాత 'షుగర్ ఉందా, స్టెంట్ ఉందా' అని అడిగి, ఇవ్వం పొమ్మనొచ్చు. ముందు అడ్వాంటేజ్‌లో చేరితే మొదటి ఏడాదిలోపు వెనక్కి రావచ్చు, ఆపైన కష్టం. హడ్సన్ నది దాటితే న్యూయార్క్‌లో ఈ బాధ లేదు, అక్కడ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. క్వీన్స్‌లో ఉండే మా మరిది ఈ ముక్క ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు.

మరి ఇండియాలో ఏదైనా అయితే? మెడికేర్ మామూలుగా అమెరికా దాటి పనిచెయ్యదు. ప్లాన్ జిలో విదేశీ ఎమర్జెన్సీ అని ఒకటుంది. ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు ఎమర్జెన్సీ వస్తే, 250 డాలర్లు మనం పెట్టుకున్నాక 80 శాతం ఇస్తుంది, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా. అంటే నవంబర్, డిసెంబర్ గట్టెక్కుతాయి. సంక్రాంతికి మాత్రం మన సంగతి మనమే చూసుకోవాలి. అందుకే అక్కడ ఒక పాలసీ కోసం మా తమ్ముడు తిరుగుతున్నాడు. వాటిలో పాత జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగమంటారట, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టడం మేలు. అక్కడున్నన్నాళ్ళూ పార్ట్ బి కట్టడం దేనికని మానేస్తే మాత్రం చిక్కే. మళ్ళీ చేరినప్పుడు గడిచిన ప్రతి పన్నెండు నెలలకూ 10 శాతం చొప్పున జరిమానా, అదీ బతికున్నంతకాలం.

పార్ట్ బి అందరికీ ఈ ఏడాది నెలకు 202.90 డాలర్లు. మాకు మాత్రం 284.10 కట్టమని ఉత్తరం వచ్చింది. కళ్ళు నులుముకుని చూశాను. ఆదాయం ఎక్కువున్నవాళ్ళకు వేసే అదనపు వడ్డన ఇది, ఇర్మా అంటారు. పేరు వింటే ఎవరో దొరసానమ్మ అనుకుంటాం. రెండేళ్ళ కిందటి టాక్స్ రిటర్న్ చూస్తారు, అంటే 2024ది. 2024లో మేమేం చేశాం? మంగళగిరి దగ్గర స్థలం అమ్మాం! ఆ లాభం ఇక్కడి ఆదాయంలో కలిసి, దంపతులకున్న 218,000 డాలర్ల గీత దాటించింది. మందుల పార్ట్ డికి కూడా నెలకు 14.50 అదనం. స్థలం అమ్మామండీ, అది ఒక్కసారే వచ్చిన డబ్బు అని మొత్తుకుంటే వినరు. ఉద్యోగం మానేశారంటే వింటారు. దానికి ఎస్ఎస్ఏ-44 అని ఒక ఫారం ఉంది. మావారు జూన్ 30న రిటైరవుతున్నారు, ఆ కాగితం జతచేసి పంపాలి.

ఇక నా సంగతి. ఇన్నాళ్ళూ నేను ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నాను. ఆయన దిగిపోతే నేనూ దిగాల్సిందే. కోబ్రా కింద అదే ఇన్సూరెన్స్ మొత్తం డబ్బు మనమే కట్టి కొనసాగించుకోవచ్చు. కంపెనీలో హెచ్ఆర్ అమ్మాయి 18 నెలలు అంది. అంటే 2027 డిసెంబర్‌తో సరి. నా మెడికేర్ 2028 మేలో. మధ్యలో నాలుగు నెలలు గాల్లో దీపం. రాత్రంతా నిద్రపట్టలేదు. షిప్ ఆవిడే చెప్పింది, ఆయన ముందు మెడికేర్‌లో చేరి, ఆ తర్వాత 18 నెలల్లోపు ఉద్యోగం మానేస్తే, భార్యకు మెడికేర్ చేరిన రోజు నుంచి 36 నెలల దాకా కోబ్రా ఇవ్వాలని. జూన్ 1 ముందొచ్చింది, జూన్ 30 తర్వాతొస్తోంది. ఒక్క నెల తేడాతో నేను గట్టునపడ్డాను. మళ్ళీ ఆ మేష్టారికే దండం పెట్టాలి. హెచ్ఆర్‌కు ఈమెయిల్ పెట్టాం, వాళ్ళు లాయర్‌ను అడిగి, అవునన్నారు. నెలకు తొమ్మిది వందల పైచిలుకు డాలర్లు అవుతోంది, అది వేరే ఏడుపు.

పార్ట్ డి గురించి ఎక్కువ చెప్పను. మెడికేర్ వెబ్‌సైట్‌లో ఆయన వేసుకునే ఐదు మందుల పేర్లూ, మేం వెళ్ళే ఫార్మసీ పేరూ కొట్టాం. చవకైనదేదో అదే వరసలో చూపించింది. కవర్ అయ్యే మందులకు మన ఖర్చు ఈ ఏడాది 2,100 డాలర్లు దాటదు. ప్రతి ఏడాదీ అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 లోపు మళ్ళీ చూసుకోవాలట, మందుల జాబితాలు మారతాయని. మేం విమానం ఎక్కేలోపే ఆ పని చేసేయాలి. మెడికేర్ మొదలవుతోంది కాబట్టి హెచ్ఎస్ఏలో, అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతాలో, డబ్బు వెయ్యడం మే నెలతో ఆపెయ్యమని మావారు ఆఫీసులో చెప్పేశారు.

అన్నీ తేలాయి, పన్ను తప్ప. రూట్ కెనాల్‌కు ఇక్కడ చెప్పిన రేటు విని మావారు బెంజిసర్కిల్ దగ్గర డెంటిస్టుకు వాట్సాప్‌లో ఎక్స్‌రే పంపారు. నవంబర్ రెండో వారం రమ్మన్నారట. "అంతదాకా ఎలాగండీ?" అంటే, "ఎడమవైపు నమలడం లేదూ?" అంటున్నారు. అదిగో, వెనక చప్పుడు వినిపిస్తోందా? జంతికలు.