హీటింగ్ బిల్లు కట్టలేకపోతే ఎవరిని అడగాలి?

యాంకర్: నమస్కారం. అమెరికాలో జనవరి వచ్చిందంటే బయటి చలి కంటే హీటింగ్ బిల్లుకే ఎక్కువ వణుకు పుడుతుంది. కట్టలేనప్పుడు ఎవరి తలుపు తట్టాలి? సాయం దరఖాస్తులు నింపిపెట్టే వాలంటీర్, హీటింగ్ టెక్నీషియన్, అద్దె ఇంట్లో ఉంటున్న ఒక గృహిణి మనతో ఉన్నారు. మేడమ్, మీ దగ్గరికి జనం ఎప్పుడు వస్తారు?

వాలంటీర్: చివరి నిమిషంలోనండీ. ఒక పెద్దావిడ ప్లాస్టిక్ సంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించారు. అన్నీ కరెంటు కంపెనీ కవర్లే, ఒక్కటీ చింపలేదు. "తెరవాలంటే భయమేస్తుందమ్మా" అన్నారు. వాటిలో ఒక కవర్లో, బాకీ వాయిదాల్లో కట్టుకోవచ్చని ఉంది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

యాంకర్: ప్రభుత్వ సాయం మాటేమిటి?

వాలంటీర్: హీటింగ్ బిల్లులకు సాయం చేసే లైహీప్ అనే పథకం 1981లో పెట్టారు. డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది, పంచేది రాష్ట్రాలు. ఆదాయ పరిమితి కూడా రాష్ట్రమే పెడుతుంది. ఫెడరల్ పేదరిక రేఖకు 150 శాతం, రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 60 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అంతవరకు పెట్టుకోవచ్చు. పేదరిక రేఖకు 110 శాతం కంటే కిందికి మాత్రం దించకూడదు. అర్హత ఉన్న ప్రతివాళ్లకూ అందుతుందన్న గ్యారంటీ లేదు. నిధులు అయిపోతే కౌంటర్ మూసేస్తారు. అక్టోబరు, నవంబరుల్లోనే అడగమని అందుకే పోరుపెడతాను.

గృహిణి: మాకు హీటింగ్ అద్దెలోనే కలిసుందండీ. బిల్లు నా పేరు మీద రాదు. ఇదంతా మాకు కాదులే అనుకుని రెండేళ్లు ఊరుకున్నాను.

వాలంటీర్: చాలా రాష్ట్రాల్లో మీలాంటివాళ్లు కూడా అడగొచ్చు. అద్దె ఒప్పందం చూపిస్తే చాలు.

యాంకర్: హెచ్1బీ వాళ్ల గురించి అడక్కపోతే మా ప్రేక్షకులు నన్ను వదలరు.

వాలంటీర్: (నవ్వుతూ) ఆ వీసా మీద ఉన్నవాళ్లకు అర్హత లేదు. గ్రీన్‌కార్డు ఉంటే దరఖాస్తు పెట్టొచ్చు. అమెరికాలో పుట్టిన పిల్లలున్నారంటారా, వాళ్ల లెక్కన ఏమైనా వస్తుందేమో స్థానిక ఆఫీసులో కనుక్కోండి. వాట్సాప్ గ్రూపుల్లో చెప్పింది నమ్మి ఆగిపోవద్దు.

టెక్నీషియన్: సాయం సరే, ఇల్లు చిల్లుల కుండలా ఉంటే ఎంత పోసినా కారిపోతుంది. వెదరైజేషన్ అని 1976 నుంచి ఇంకో పథకం ఉంది. ఆదాయం తక్కువున్నవాళ్ల ఇళ్లకు సందులు పూడ్చి, అటక మీద ఇన్సులేషన్ ఉచితంగా వేస్తారు. అద్దె ఇంటికైతే ఓనర్ ఒప్పుకోవాలి. ముందు వీధి తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలి బయటికి లాగుతారు. అప్పుడు స్విచ్ బోర్డు దగ్గర చెయ్యి పెడితే చల్లగాలి రివ్వున తగులుతుంది. కిటికీలనే అనుమానించినవాళ్లు అది చూసి నోరెళ్లబెడతారు.

యాంకర్: మరి బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంప్ ఉన్నవాళ్లు?

టెక్నీషియన్: థర్మోస్టాట్ మీద 'ఆక్స్' అని వెలుగుతోందా చూడండి. వెలిగితే లోపల కరెంటు హీటర్లు ఆన్ అయినట్టే, మీటరు గిర్రున తిరుగుతుంది. తొందరగా వెచ్చబడాలని ఒక్కసారే ఐదారు డిగ్రీలు పెంచితే చాలాసార్లు అదే జరుగుతుంది.

గృహిణి: చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, పోయిన వారం హీటర్ పనిచేయక, గ్యాస్ ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి ముందు కూర్చున్నాం, పిల్లలతో సహా.

టెక్నీషియన్: అయ్యో, ఆ పని మళ్లీ చేయకండి! కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

వాలంటీర్: ఇలాంటిదాన్నే లైహీప్‌లో క్రైసిస్, అంటే అత్యవసర సాయం కింద రాయించాలమ్మా. అర్హత ఉంటే, దరఖాస్తు పెట్టిన 48 గంటల్లోగా ఏదో ఒక దారి చూపాలని చట్టంలోనే ఉంది. ప్రాణాపాయమైతే 18 గంటలే. ఎవరిని అడగాలో తెలియకపోతే 211కి ఫోన్ చేయండి, మీ ఏరియా ఆఫీసు ఏదో చెబుతారు.

గృహిణి: ఈ రాత్రి చేసినా ఎత్తుతారా?

వాలంటీర్: చాలా చోట్ల 24 గంటలూ ఉంటారు. అద్దె కాగితాలు, కిందటి నెల జీతం చీటీ పక్కన పెట్టుకుని చేయండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడుగుతారు, చంటిపాపని కూడా లెక్కలో చెప్పండి.