మెషిన్ ఆగిన టైమ్ ఏ లెక్కలో పడుతోంది?

(స్క్రీన్: సీఎన్‌సీ లేత్, మూలన గడియారం 9:00)

బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్ నడిపించే లోహం చెక్కే మెషిన్, ఉందనుకుందాం. ఉదయం 9 గంటలకు ఆపరేటర్ జాబ్ మొదలుపెట్టాడు. 10:40కి కరెంట్ పోయింది, 11:25కి వచ్చింది. 12:30కల్లా 55 బుష్‌లు, అంటే చిన్న గొట్టాల్లాంటి లోహపు భాగాలు, తయారయ్యాయి. మరి ఒక్కో బుష్‌కి ఎంత టైమ్ పట్టినట్టు?

మొదలైన టైమ్, ముగిసిన టైమ్ మాత్రమే చూస్తే 210 నిమిషాలు. ఒక్కోదానికి 3.8 నిమిషాలు. కరెంట్ లేని 45 నిమిషాలు తీసేస్తే 165 నిమిషాలే, అంటే ఒక్కోదానికి 3. రేపు కొటేషన్ వేసేటప్పుడు ఈ రెండిట్లో ఏ అంకె మీ చేతికొస్తుంది? అది సాఫ్ట్‌వేర్‌లో ఈరోజు ఏం ఎక్కించారన్నదాన్ని బట్టి ఉంటుంది.

(స్క్రీన్: ఈఆర్‌పీనెక్స్ట్, జాబ్ కార్డ్)

ఈఆర్‌పీనెక్స్ట్‌లో చూపిస్తాను. ముంబైకి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులో లేబర్ టైమ్, అంటే ఆపరేటర్ జాబ్ మీద పని చేసిన టైమ్, జాబ్ కార్డ్‌లో పడుతుంది. ఆపరేటర్ స్టార్ట్ నొక్కితే టైమ్ లాగ్‌లో ఒక వరస మొదలవుతుంది, పాజ్ నొక్కితే అది ముగుస్తుంది. రెజ్యూమ్ నొక్కితే ఇంకో వరస. మన జాబ్‌కి రెండు వరసలు రావాలి: ఒకటి 100 నిమిషాలు, ఇంకోటి 65.

(స్క్రీన్: డౌన్‌టైమ్ ఎంట్రీ)

మెషిన్ ఆగిన టైమ్‌కి ఫారం వేరు, డౌన్‌టైమ్ ఎంట్రీ. వర్క్‌స్టేషన్ (అంటే ఏ మెషిన్), ఆపరేటర్, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎందుకు ఆగింది. నిమిషాలు అదే లెక్కకడుతుంది.

ఇక్కడ జాగ్రత్త. డౌన్‌టైమ్ ఎంట్రీ వేసినంత మాత్రాన జాబ్ కార్డ్ ఆగిపోదు. పాజ్ నొక్కకపోతే ఆ 45 నిమిషాలు రెండు చోట్లా పడతాయి. పాజ్ మాత్రమే నొక్కి ఎంట్రీ వేయకపోతే లేబర్ టైమ్ సరిగ్గానే వస్తుంది కానీ మెషిన్ ఎందుకు ఆగిందో నెలాఖరుకి ఎవరికీ గుర్తుండదు. రెండూ చేయాల్సిందే.

(స్క్రీన్: వర్క్‌స్టేషన్ గంట రేటు)

ఇక డబ్బు. కరెంటు, కన్స్యూమబుల్స్, అద్దె, జీతాలు కలిపి ఈ లేత్‌కి గంటకు 400 రూపాయలు పెట్టామనుకోండి. 210 నిమిషాలకు 1400, 165 నిమిషాలకు 1100. ఆ 300 తేడా బుష్‌ల మీద పడకూడదు. అలాగని ఖర్చే లేదనీ కాదు. కరెంట్ పోయినా అద్దె ఆగదు, ఆపరేటర్‌కి జీతం ఇవ్వాల్సిందే. కాస్ట్ అకౌంటింగ్‌లో ఇలాంటి అసాధారణ ఖాళీ టైమ్‌ని జాబ్ ఖర్చులో కలపరు, లాభనష్టాల ఖాతాకి తీసుకెళ్తారు.

సెట్టింగ్, అంటే జాబ్‌కి మెషిన్‌ని సిద్ధం చేయడం, దాని సంగతి వేరు. ముక్కని పట్టుకునే జాస్ మార్చడం, టూల్ ఆఫ్‌సెట్ (టూల్ కొలతల సర్దుబాటు) చూసుకోవడం జాబ్‌లో భాగమే. ఈఆర్‌పీనెక్స్ట్ కారణాల జాబితాలో కూడా ఉన్నది మామూలు సెట్టింగ్ కాదు, మితిమీరిన సెట్టింగ్ టైమ్. కాబట్టి ఏ జాబ్‌కి ఎన్ని నిమిషాల సెట్టింగ్ మామూలో ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే ఏది మితిమీరిందో చెప్పలేం.

నన్ను బాగా బాధపెట్టేది కారణాల దగ్గర జరిగే అన్యాయం. ఆపరేటర్ పొరపాటు అని రాస్తే జీతం కోస్తారన్న భయం ఉన్న చోట అన్నీ ‘కరెంట్ పోయింది’ అన్న కారణంలోకో, ‘ఇతర’ అన్నదాంట్లోకో వెళ్తాయి. ఆ తర్వాత డౌన్‌టైమ్ అనాలిసిస్ రిపోర్ట్ తీసి లాభం లేదు. ఈ వివరాలతో ఎవరి జీతమూ కోయబోనని యజమాని ముందే మాటివ్వాలి, నిలబెట్టుకోవాలి. ఎంట్రీ కూడా మెషిన్ దగ్గరే, అప్పటికప్పుడే పడాలి. షిఫ్ట్ దిగేటప్పుడు సూపర్‌వైజర్ గుర్తుతెచ్చుకుని రాస్తే అన్నీ 15, 30 నిమిషాలుగా మారిపోతాయి. 4 నిమిషాల ఆగుళ్లు అసలు కనిపించవు.

(స్క్రీన్: 405 ÷ 450)

8 గంటల షిఫ్ట్‌లో భోజనం పోగా 450 నిమిషాలు. 45 పోతే 405. అవైలబిలిటీ, అంటే ఉన్న టైమ్‌లో మెషిన్ నడిచిన వాటా, 90 శాతం. మెషిన్‌ని ఎంత బాగా వాడుకున్నామో చెప్పే ఓఈఈ లెక్కలో ఇది మొదటి భాగం; పనితీరు, నాణ్యత మిగతా రెండు.

(స్క్రీన్: పక్కపక్కన రెండు లేత్‌లు)

ఒక ఆపరేటర్ రెండు మెషిన్లు చూసుకునే చోట? మొదటి లేత్‌లో బెల్ట్ తెగింది, ఆయన రెండోదాని దగ్గర పని చేస్తూనే ఉన్నాడు. డౌన్‌టైమ్ మొదటి లేత్ మీద రాయండి, దాని జాబ్ కార్డ్ పాజ్ చేయండి. ఆయన టైమ్ మాత్రం రెండో లేత్ జాబ్ కార్డ్‌లో నడుస్తూ ఉండాలి.